ఆల్ప్స్‌లో పగటి నడకలు: గ్రిండెల్వాల్డా, జెర్మాటా, ఆలెచ్చా?

స్విట్జర్లాండ్ చూసి వచ్చిన మనవాళ్లలో చాలామంది ఆలెచ్ హిమానీనదాన్ని చూసే ఉంటారు. పేరు మాత్రం గుర్తుండదు. ఇంటర్లాకెన్ నుంచి రైళ్లు మారుతూ 3,454 మీటర్ల ఎత్తున ఉన్న యుంగ్‌ఫ్రావుయోఖ్ స్టేషనుకు చేరి, అక్కడి మేడ మీద నిలబడి దక్షిణానికి చూస్తే రెండు కొండల వరుసల నడుమ తెల్లగా సాగిపోయే దారి కనిపిస్తుంది. నాలుగు ఫోటోలు తీసుకుని, చలికి ఆగలేక లోపలికి వచ్చేస్తారు. ఆ తెల్లటి దారే ఆలెచ్. ఆల్ప్స్‌లోకెల్లా పొడవైన హిమానీనదం అది. దాదాపు 20 కిలోమీటర్లు.

అదే మంచును అవతలి కొస నుంచి, పచ్చిక మీద నడుస్తూ, ఒక పూటంతా పక్కన ఉంచుకుని చూడవచ్చు. ఈ సంగతి మనవాళ్లకు ఎవరూ చెప్పరు. ప్రయాణ సంస్థల జాబితాల్లో యుంగ్‌ఫ్రావుయోఖ్ ఉంటుంది, జెర్మాట్ ఉంటుంది, గ్రిండెల్వాల్డ్ ఉంటుంది. నడవాలన్న కోరిక ఉన్నవారికి ఈ మూడింటిలో ఏది సరిపోతుందో, ఆలెచ్‌కు ఎవరు వెళ్లాలో చెప్పేవారు తక్కువ. జర్మనీలో ఉంటూ కొన్నేళ్లుగా వేసవిలో ఈ కొండలకు వెళ్తున్నాను. ఒంటరిగా వెళ్లాను, పిల్లలతో వెళ్లాను, అరవై దాటిన అమ్మానాన్నలతోనూ వెళ్లాను. ఎవరితో వెళ్తున్నామన్నదాన్ని బట్టి ఊరి ఎంపిక మారిపోతుందని ఆ ప్రయాణాల్లోనే తెలిసింది.

ముందుగా సెలవుల సంగతి. మన రెండు రాష్ట్రాల్లో బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారానికి అయిపోతాయి. ఆల్ప్స్‌లో కొండ బాటలకు అది వేసవే కాదు. మే నెలలో 2,000 మీటర్లకు పైన బాటలన్నీ మంచు కిందే ఉంటాయి. పైకి తీసుకెళ్లే కేబుల్ కార్లు కొన్ని చలికాలం ముగిశాక మూసేసి, జూన్‌లో గానీ మళ్లీ తెరవరు. జూన్ చివర కూడా 2,300 మీటర్లకు పైన నీడ వాలుల్లో పాత మంచు పేరుకుని ఉంటుంది; జారితే ఆపుకోవడం కష్టం. నడకకు అసలైన కాలం జూలై మధ్య నుంచి సెప్టెంబర్ చివరి దాకా. దసరా సెలవులు కలిసొచ్చే కుటుంబాలకు నేను చెప్పేది ఒకటే: వేసవి సెలవులు వదిలి వాటినే వాడుకోండి. అక్టోబర్ మధ్య దాకా చాలా కేబుల్ కార్లు నడుస్తాయి, జనం తగ్గుతారు, ఆకాశం తేటగా ఉంటుంది, లార్చ్ చెట్లు పసుపు రంగుకు తిరుగుతాయి.

మే నెలలోనే రాక తప్పనివారు నిరాశపడనక్కర లేదు. లౌటర్‌బ్రునెన్ ఊరి నుంచి ష్టెఖెల్‌బెర్గ్ దాకా లోయ అడుగున చదునైన బాట ఉంది. నింపాదిగా నడిస్తే రెండు గంటలు. దారిలో 297 మీటర్ల ఎత్తు నుంచి దూకే ష్టౌబాఖ్ జలపాతం, కొండ కడుపులో ఉరికే ట్రూమెల్‌బాఖ్ జలపాతాలు వస్తాయి. ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రావు శిఖరాల హిమానీనదాల నుంచి కరిగిన నీరంతా ట్రూమెల్‌బాఖ్ గుండానే కిందికి వస్తుంది. నిండుగా పారేటప్పుడు సెకనుకు 20,000 లీటర్ల దాకా. హిమానీనదం అంటే ఏమిటో దాని నీటి హోరు విన్నా తెలుస్తుంది.

ఇక మూడు ఊళ్ల సంగతి.

గ్రిండెల్వాల్డ్ ఇంటర్లాకెన్ నుంచి రైల్లో అరగంట పైచిలుకు దూరం, 1,034 మీటర్ల ఎత్తు. మొదటిసారి కొండల్లో నడవబోయేవారికి, చిన్నపిల్లలున్నవారికి ఇదే మంచిదని నేననుకుంటాను. ఎత్తు తక్కువ కాబట్టి రాత్రి నిద్ర బాగా పడుతుంది. కేబుల్ కార్లు, రైళ్లు ఎన్నో ఉన్నాయి కాబట్టి అలసిపోతే ఎక్కడో ఒకచోట నడక ఆపేయవచ్చు. ఫస్ట్ అనే చోటికి కేబుల్ కారులో వెళ్లి, అక్కడి నుంచి గంటలోపు నడిస్తే 2,265 మీటర్ల ఎత్తున బాఖాల్ప్ సరస్సు. గాలి లేని ఉదయం దాని నీళ్లలో ష్రెక్‌హార్న్ శిఖరం తలకిందులుగా నిలబడి ఉంటుంది. బాట వెడల్పుగా ఉంటుంది, ఎక్కుడు తక్కువ. ఆరేళ్ల పిల్లలు నడవగలరు. మెన్లిఖెన్ నుంచి క్లైన షైడెగ్ దాకా నాలుగున్నర కిలోమీటర్ల బాట ఇంకా సులువు. ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రావు మూడూ ఎదురుగా నిలబడి మనల్ని రమ్మన్నట్టు ఉంటాయి. కాస్త కాలిబలం ఉన్నవారికి ఐగర్ బాట. ఐగర్‌గ్లెచర్ స్టేషను (2,320 మీటర్లు) నుంచి ఆల్పిగ్లెన్ (1,616 మీటర్లు) దాకా ఆరు కిలోమీటర్లు, సుమారు రెండు గంటలు. 1938 దాకా ఎవరూ ఎక్కలేకపోయిన ఆ ఉత్తరపు గోడ పాదం వెంటే నడక. తల పైకెత్తితే మెడ నొప్పి పుడుతుంది తప్ప గోడ అయిపోదు.

గ్రిండెల్వాల్డ్‌లో లేనిది ఒకటే. హిమానీనదం దగ్గరగా కనబడదు. 19వ శతాబ్దంలో ఊరి పొలాల అంచు దాకా మంచు దిగి ఉండేది. ఇప్పుడది పై లోయల్లోకి వెనుదిరిగి పోయింది. శిఖరాల మీద తెల్లదనం కనిపిస్తుంది గానీ, లోయను నింపుకుని కిందికి జరిగే మంచు ప్రవాహం కావాలంటే ఇక్కడ దొరకదు. రెండో లోపం జనం. జూలై, ఆగస్టుల్లో ఫస్ట్ కేబుల్ కారు దగ్గర పది దాటితే బారులు తీరి ఉంటారు. ఎనిమిదింటికే అక్కడ ఉండగలిగితే ఆ ఇబ్బంది లేదు.

జెర్మాట్ మ్యాటర్‌హార్న్ శిఖరం కోసం వెళ్లే ఊరు. పెట్రోలు కార్లను లోపలికి రానివ్వరు. కారులో వచ్చేవారు తేష్ దగ్గర వదిలి రైలెక్కాలి. మన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అర్మ కొండ సుమారు 1,680 మీటర్లు. జెర్మాట్ వీధులే సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉన్నాయి. అక్కడి నుంచి రైళ్లు, కేబుల్ కార్లు మనిషిని గంటలోపు 3,000 మీటర్లు దాటిస్తాయి. హైదరాబాదు, విజయవాడ నుంచి నేరుగా వచ్చిన శరీరానికి అది తేలిక కాదు. తల బరువెక్కడం, రెండడుగులకే ఆయాసం మామూలే. మొదటి రోజే 3,883 మీటర్ల క్లైన్ మ్యాటర్‌హార్న్‌కు వెళ్లి తలనొప్పితో మంచం పట్టినవారిని చూశాను. మొదటి రోజు కింది బాటలు, రెండో రోజు పై బాటలు అన్న వరుస తప్పకండి.

నడక పరంగా జెర్మాట్‌లో నాకు నచ్చేవి రెండు. అయిదు సరస్సుల బాట బ్లౌహెర్డ్ దగ్గర మొదలై సునెగ్గా దగ్గర ముగుస్తుంది. పది కిలోమీటర్లకు కొంచెం తక్కువ. దారి చూపే పలకల మీద మూడు గంటల లోపే రాసి ఉంటుంది గానీ మనం నాలుగు పెట్టుకోవాలి. మొదట వచ్చే స్టెల్లి సరస్సులో మ్యాటర్‌హార్న్ నీడ పొద్దున్నే బాగా పడుతుంది, తొమ్మిదిన్నర దాటితే గాలి లేచి నీళ్లు చెదురుతాయి. చివరి లై సరస్సులో పిల్లలు నీళ్లలో దిగి ఆడుకుంటారు. రెండోది రోటెన్‌బోడెన్ స్టేషనులో దిగి రిఫెల్ సరస్సు మీదుగా రిఫెల్‌బెర్గ్ దాకా వచ్చే గంటన్నర నడక. 1898లో మొదలైన గోర్నర్‌గ్రాట్ రైలు ఎక్కితే పై స్టేషను నుంచి మోంటే రోజా పర్వతం, దాని కింద గోర్నర్ హిమానీనదం ఒకేసారి కంటికి ఆనతాయి. ష్వార్ట్స్‌జే నుంచి 3,260 మీటర్ల హోర్న్‌లి గుడిసె దాకా ఎక్కడం అనుభవం ఉన్నవారి పని. నిటారు బాట, ఇనుప మెట్లు, పక్కన లోయ. మ్యాటర్‌హార్న్ ఎక్కేవారు బయల్దేరే చోటు అదే. 1865 జూలై 14న ఎడ్వర్డ్ వింపర్ బృందం మొదటిసారి శిఖరం చేరి, దిగేటప్పుడు నలుగురిని పోగొట్టుకున్న కొండ అది. కింద నుంచి చూసినా చాలు.

డబ్బు సంగతి ఇక్కడే చెప్పాలి. జెర్మాట్‌లో గదులూ భోజనాలూ మూడింటిలోకీ ఖరీదు. లోయలో కిందున్న తేష్‌లోనో రాండాలోనో గది తీసుకుంటే కొంత తగ్గుతుంది. ఇటు ఇంటర్లాకెన్ నుంచి యుంగ్‌ఫ్రావుయోఖ్‌కు రానుపోను టికెట్ వేసవిలో రాయితీ లేకపోతే 200 ఫ్రాంకులు దాటుతుంది. నలుగురున్న కుటుంబానికి ఆ ఒక్క రోజుకయ్యే డబ్బుతో రెండు మూడు రోజులు నడవవచ్చు. స్విస్ ట్రావెల్ పాస్ ఉన్నవారికి రైళ్లు, బస్సులు ఉచితం, చాలా కేబుల్ కార్లు సగం ధరకు వస్తాయి. యుంగ్‌ఫ్రావుయోఖ్‌కు మాత్రం అంత రాయితీ రాదు.

ఇక ఆలెచ్. రోన్ నది లోయలో బ్రీగ్ దాటాక మోరెల్, బెట్టెన్, ఫీష్ అనే చిన్న స్టేషన్లు వస్తాయి. ఒక్కోదాని నుంచి ఒక్కో కేబుల్ కారు పైకి పోతుంది. మోరెల్ నుంచి రీడరాల్ప్, బెట్టెన్ నుంచి బెట్‌మరాల్ప్, ఫీష్ నుంచి ఫీషరాల్ప్. మొదటి రెండూ 1,900 మీటర్లకు పైన ఎండవైపు గట్టు మీద పరుచుకున్న చెక్క ఇళ్ల ఊళ్లు, కార్లు లేవు. ఊళ్లలోంచి మంచు కనిపించదు. వెనుక ఉన్న కొండ అంచు ఎక్కాలి. ఆ అంచు మీదికి అడుగు పెట్టి అవతలికి చూసే మొదటి క్షణాన్ని నేను ఎన్నిసార్లు వెళ్లినా మరిచిపోలేను. కింద, లోయను నిండా నింపి, వంపు తిరుగుతూ, మధ్యలో రెండు నల్లటి చారలతో మంచు. చప్పుడు లేదు. ఎదురుగా ఉన్న కొండల మీద నుంచి ఎక్కడో రాయి దొర్లిన శబ్దం మాత్రం వస్తుంది.

ఆ చారలు ఏమిటని మా అబ్బాయి అడిగాడు. పైన మూడు పెద్ద మంచు పాయలు కాంకోర్డియా అనే చోట కలుస్తాయి. అక్కడ మంచు మందం దాదాపు 800 మీటర్లు. ఒక్కో పాయ తన ఒడ్డున రాలిన రాళ్లను మోసుకొస్తుంది. రెండు పాయలు కలిసినచోట రెండు ఒడ్ల రాళ్లూ మధ్యలోకి వచ్చి చార అవుతాయి. మూడు పాయలకు రెండు చారలు. పాఠ్యపుస్తకంలో బొమ్మగా చదివినది కళ్లెదుట అంత పెద్దగా కనబడితే పిల్లలు ఎంతసేపు చూస్తూ ఉండిపోతారో మీరే చూస్తారు.

ఇక్కడ మూడు నడకలు చెబుతాను, మూడు రకాల మనుషులకు. అమ్మానాన్నలతో వెళ్లినప్పుడు రీడరాల్ప్ పక్క నుంచి మూస్‌ఫ్లూ (2,333 మీటర్లు) దాకా కేబుల్ కారులో వెళ్లి, కొండ అంచు మీదుగా హోఫ్లూ దాటి రీడర్‌ఫుర్కా దాకా దిగాము. పలక మీద గంటన్నర లోపే ఉంది, మాకు ఆగుతూ ఆగుతూ మూడు గంటలు పట్టింది. దారి పొడుగునా కుడివైపు మంచు. రీడర్‌ఫుర్కాలో 1902లో ఎర్నెస్ట్ కాసెల్ అనే ధనవంతుడు కట్టించిన పెద్ద భవనం ఉంది. ఇప్పుడది ప్రకృతి పరిరక్షణ కేంద్రం. దాని వెనుక ఆలెచ్ అడవి, 1933 నుంచి రక్షిత ప్రాంతం. వందల ఏళ్ల వయసున్న పైన్ జాతి చెట్లు మెలికలు తిరిగి ఉంటాయి. అడవిలోకి దిగితే తిరిగి ఎక్కాలి కాబట్టి అమ్మను అక్కడే కూర్చోబెట్టి నేనూ నాన్నా అరగంట తిరిగి వచ్చాము.

నాలుగైదు గంటలు నడవగలిగినవారికి బెట్‌మర్‌హార్న్ స్టేషను నుంచి మెర్యెలెన్ సరస్సు మీదుగా ఫీషరాల్ప్ దాకా వెళ్లే బాట. మూడు ఊళ్లలో ఉన్న అన్ని నడకల్లోకీ నేను ముందు పెట్టేది ఇదే. బాట మంచుకు సమాంతరంగా సాగి, మంచు అంచుకు ఒక మూలగా ఉన్న మెర్యెలెన్ లోయలోకి తిరుగుతుంది. 19వ శతాబ్దంలో హిమానీనదమే ఆనకట్టగా ఇక్కడ పెద్ద సరస్సు నిలిచేది, అప్పుడప్పుడు మంచు కింద నుంచి తెగి కింది ఊళ్లను ముంచేది. ఇప్పుడు మంచు మట్టం పడిపోయి చిన్న మడుగులే మిగిలాయి. అక్కడి గుడిసెలో వేడి సూప్ తాగి, కొండలో తొలిచిన కిలోమీటరు పొడవు సొరంగం గుండా నడిస్తే ఫీషరాల్ప్ వైపు తేలుతారు. సొరంగం తడిగా, చల్లగా ఉంటుంది. టార్చి, స్వెట్టర్ సంచిలో ఉండాలి. ఇరుకు చోట్లంటే భయం ఉన్నవారికి కొండ చుట్టూ తిరిగే పొడవాటి బాట కూడా ఉంది.

మూడోది నడవడమే చేతకానివారికి: ఫీష్ నుంచి కేబుల్ కారులో నేరుగా ఎగ్గిస్‌హార్న్. దాదాపు 2,870 మీటర్ల దగ్గర దిగి పది అడుగులు వేస్తే చాలు, ఆలెచ్ పొడవంతా కనిపిస్తుంది.

ఆ ఫీష్ ఊరివాళ్ల కథ ఒకటి చెప్పాలి. మంచు పెరిగి పొలాల మీదికి వస్తోందని భయపడి 1678లో వారు హిమానీనదం వెనక్కి తగ్గాలని మొక్కుకున్నారు. తరాలపాటు ఆ మొక్కు తీర్చారు. మంచు తగ్గింది. చివరికి నీళ్లకే కరువు వస్తుందన్న బెంగ పట్టుకుని, మొక్కును తిరగరాసుకోవడానికి రోమ్‌లో అనుమతి అడిగి 2010లో పొందారు. ఇప్పుడు మంచు నిలవాలని ప్రార్థిస్తున్నారు. 2022, 2023 రెండేళ్లలోనే స్విట్జర్లాండ్ హిమానీనదాలు తమ ఘనపరిమాణంలో దాదాపు పదోవంతు పోగొట్టుకున్నాయి. ఆలెచ్‌ను ముందు చూడమని నేను తొందరపెట్టడానికి ఇదొక కారణం.

మంచు తగ్గడంతో వచ్చే ప్రమాదం నడిచేవారికీ ఉంది. ఇన్నాళ్లూ మంచు ఆసరాగా నిలిచిన వాలులు అది పోగానే జారుతున్నాయి. 2016లో మూస్‌ఫ్లూ కింది వాలు కదలడంతో అక్కడి బాటలు మూసేశారు. 2025 మే 28న పక్కనే ఉన్న లోచెన్ లోయలో బిర్చ్ హిమానీనదం కూలి బ్లాటెన్ ఊరిని పూడ్చేసింది. సుమారు 300 మందిని ముందే ఖాళీ చేయించడం వల్ల పెద్ద ప్రాణనష్టం తప్పింది. కాబట్టి బాట మూసి ఉందని పలక ఉంటే వెనక్కి తిరగాలి, పక్కన ఎవరో దాటి పోతున్నా సరే. మూసిన బాటలు స్విట్జర్లాండ్ ప్రభుత్వ పటాల యాప్ స్విస్‌టోపోలో ముందు రాత్రే చూసుకోవచ్చు. మంచు మీద కాలు పెట్టాలని ఉంటే తాడు కట్టి తీసుకెళ్లే గైడుతోనే వెళ్లండి. పైన మంచు పొర చదునుగా కనిపిస్తుంది, కింద పగులు ఎంత లోతుందో తెలియదు.

బాట ఎంత కష్టమో రంగులు చెబుతాయి. పసుపు గుర్తు అందరికీ. తెలుపు-ఎరుపు-తెలుపు ఉంటే కొండ బాట: బూట్లు, నిలకడైన కాలు, ఎత్తు చూసి కళ్లు తిరగని గుణం కావాలి. బెట్‌మర్‌హార్న్ బాట, ఐగర్ బాట ఈ కోవలోవి. తెలుపు-నీలం-తెలుపు కనిపిస్తే మన దారి కాదు. పలకల మీద రాసిన సమయాల్లో ఆగడాలు కలపరు, అలవాటున్న కాళ్లను బట్టి రాసినవి. మొదటి రోజు వాటికి సగం కలుపుకోండి. మోకాళ్ల నొప్పులున్నవారు దిగుడు బాటలు తగ్గించుకోవాలి: ఐగర్ బాట 700 మీటర్ల దిగుడు, మరునాడు మెట్లు దిగనివ్వదు. ఎక్కడం నడిచి, దిగడం కేబుల్ కారులో అయితే మోకాళ్లు బతుకుతాయి. చివరి కేబుల్ కారు చాలా చోట్ల సాయంత్రం అయిదు, ఆరు మధ్యే వెళ్లిపోతుంది. ఆ సమయం బయల్దేరే ముందే ఫోనులో రాసుకోవాలి.

సంచిలో ఏముండాలన్నది క్లుప్తంగా: అడుగు పట్టున్న బూట్లు, వాన కోటు, ఉన్ని టోపీ, నల్ల కళ్లద్దాలు, ఎండ పూత, మనిషికి లీటరున్నర నీళ్లు. నూలు బట్టలు చెమటకు తడిసి పైన గాలిలో ఒళ్లు చల్లబరుస్తాయి. అమ్మ మొదట చీరతోనే వస్తానంది. రీడర్‌ఫుర్కా దాకా పసుపు బాటైతే పరవాలేదు గానీ రాళ్ల బాటలో కుచ్చిళ్లు కాళ్లకు అడ్డుపడతాయని నచ్చజెప్పి చుడీదార్ వేయించాను. నిమ్మకాయ పులిహోర సాయంత్రం దాకా చెడదు, పైన బల్లల మీద కూర్చుని తినడానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. దూడలున్న ఆవుల మంద ఎదురైతే దూరంగా చుట్టూ తిరిగి వెళ్లండి. మన ఊరి ఆవులనుకుని తల నిమరబోవద్దు. అపాయం వస్తే ఆలెచ్, జెర్మాట్ ఉన్న వాలే ప్రాంతంలో 144, మిగతా చోట్ల రెగా హెలికాప్టర్ దళానికి 1414. ప్రయాణ బీమాలో కొండ మీద నుంచి తరలింపు ఖర్చు కలిసి ఉందో లేదో టికెట్టు కొన్న రోజే చూసుకోవాలి.

మబ్బుల విషయంలో ఒక సౌకర్యం ఉంది. గ్రిండెల్వాల్డ్ ఆల్ప్స్‌కు ఉత్తరాన ఉంది, వాయవ్యం నుంచి వచ్చే మబ్బులు ముందు అక్కడే కొండలను ఢీకొని కురుస్తాయి. జెర్మాట్, ఆలెచ్ ఉన్న రోన్ లోయ రెండు వైపులా ఎత్తైన కొండలతో మూసుకుని స్విట్జర్లాండ్‌లో బాగా పొడిగా ఉండే చోట్లలో ఒకటి. దక్షిణపు గాలి వీచినప్పుడు మాత్రం లెక్క తారుమారవుతుంది. జెర్మాట్ మీద మబ్బు, గ్రిండెల్వాల్డ్ మీద ఎండ. 2007లో తెరిచిన 34.6 కిలోమీటర్ల లోచ్‌బెర్గ్ సొరంగం వల్ల ఒక వైపు నుంచి మరో వైపుకు వెళ్లడం ఒక ఉదయపు పని. కాబట్టి గదులు ఎక్కడ తీసుకున్నా, ఏ రోజు ఎటు వెళ్లాలన్నది ముందే గట్టిగా రాసిపెట్టుకోకండి. ఉదయం ఆరింటికి లేచి ఫోనులో శిఖరాల మీది కెమెరాలు చూడండి. మధ్యాహ్నం ఉరుముల సూచన ఉంటే రెండు గంటలకల్లా కొండ అంచు దిగేసేలా నడక కుదించుకోండి.

ఇంటర్లాకెన్‌లో మూడు రాత్రులే ఉండి, వాటిలో తేటగా తెల్లవారిన రోజు ఒక్కటే దొరికిందనుకోండి. నేనైతే ఆ రోజు యుంగ్‌ఫ్రావుయోఖ్ రైలు ఎక్కను. ఆరున్నర ప్రాంతంలో బయల్దేరి ష్పీట్స్, బ్రీగ్‌ల మీదుగా బెట్టెన్‌కు, అక్కడి నుంచి పైకి. పదింటికల్లా బెట్‌మర్‌హార్న్ అంచు మీద ఉంటాను. ఆ వేళకు ఎండ మంచు మీద ఏటవాలుగా పడుతూ ఉంటుంది, పగుళ్ల లోపలి నీలం రంగు అప్పుడే బాగా కనిపిస్తుంది.